హోటల్ ఒమకాసే కౌంటర్‌లో ఇంత సందడి ఉంటుందా? మొదటిసారి వెళ్ళొచ్చాను, కొన్ని సందేహాలు

తీరందాటి:
అందరికీ నమస్తే. చాలా రోజులుగా ఇక్కడ మీరు రాసేవి చదువుతున్నా, రాయడం మాత్రం ఇదే మొదటిసారి. మొన్న శనివారం నేనూ నా భార్యా ఒక పెద్ద హోటల్‌లోని సుషీ కౌంటర్‌కి వెళ్ళాం, ఏం తినాలో చెఫ్‌కే వదిలేసే ఒమకాసే పద్ధతి. పది సీట్లు, ఒకే పొడవాటి చెక్క బల్ల, అందరికీ ఒకే టైముకి మొదలు. నేను ఊహించుకున్నది వేరు. చెఫ్ నోరు విప్పడు, మనం గుసగుసలాడాలి, గుడిలో కూర్చున్నట్టు ఉండాలి అనుకుని కాస్త టెన్షన్‌గానే వెళ్ళాను. తీరా చూస్తే పాటలు వస్తున్నాయి, చెఫ్ ప్రతి చేప పేరూ గట్టిగా చెప్పి పెడుతున్నాడు, అవతలి చివర కూర్చున్న వాళ్ళు మాతో మాట కలిపారు, మధ్యలో బ్లోటార్చ్ పెట్టి చేప పైభాగం కాలుస్తుంటే అందరూ ఒక్కసారిగా ఓహ్ అన్నారు. రెండు గంటలు ఎలా గడిచాయో తెలియలేదు.

ఒక విషయం మాత్రం మీకు చెప్పి తీరాలి. నాది ఎడమచేతి వాటం. మొదటి రెండు ముక్కలూ ఎడమ చేత్తో తీసుకున్నాను, అప్పుడు ఎవరూ ఏమీ అనలేదు. మూడో ముక్క నుంచి నా పళ్ళెంలో సుషీ పెట్టే వాలు మారిపోయింది. నా భార్య ముందున్నది ఒక పక్కకి వాలి ఉంటే నాది దానికి అద్దంలో బొమ్మలా రెండో పక్కకి. వేళ్ళు నేరుగా వెళ్ళి సరిపోతున్నాయి. ఆయన ఒక్క మాట అనలేదు, నేనూ ఐదో ముక్క దాకా గమనించలేదు. గమనించాక మాత్రం గొంతులో ఏదో అడ్డుపడ్డట్టయింది. చిన్నప్పటి నుంచి ఎడమ చేత్తో తినకు అనిపించుకున్న వాణ్ణి, ఒకాయన నా చెయ్యి చూసి తన పద్ధతి మార్చుకోవడం ఇదే మొదటిసారి.

సందేహాలు ఇవి. అన్నం గోరువెచ్చగా ఉంది, అది సరైనదేనా? సోయా సాస్ గిన్నె అసలు ఇవ్వలేదు, అడగాలా? చివరగా, ఇలాంటి సందడి కౌంటర్‌ని అసలైన ఒమకాసే అనొచ్చా, లేక హోటల్ వాళ్ళు టూరిస్టుల కోసం చేసే హడావుడా?

వెన్నెలపడవ:
ఎడమచేతి సంగతి చదివి చాలా సంతోషమేసింది. మంచి సుషీ చెఫ్‌లు కుర్చీలో కూర్చోగానే చూసే మొదటి విషయాల్లో అదొకటి, గ్లాసు ఏ చేత్తో ఎత్తారో చూస్తారు. పాటలు పెట్టినా పెట్టకపోయినా, అది చూసిన చెఫ్ మంచి చెఫ్. అన్నం గోరువెచ్చగా ఉండటం సరైనదే, చల్లగా ఉంటేనే అనుమానపడాలి.

పాతగుమ్మం:
నా అభిప్రాయం నిర్మొహమాటంగా చెప్తాను, మనసులో పెట్టుకోకండి. ఎడమచేతి విషయం గొప్పదే, ఒప్పుకుంటా. కానీ పాటలూ బ్లోటార్చ్ ప్రదర్శనలూ ఒమకాసేకి అక్కర్లేదు. టోక్యోలో ఒకసారి ఎనిమిది సీట్ల కౌంటర్‌లో కూర్చున్నాను. అక్కడ వినిపించింది మూడే చప్పుళ్ళు: వసాబి అనే ఘాటైన దుంపని తురిమే చప్పుడు, కత్తి చెక్కకి తగిలే చప్పుడు, చెఫ్ రెండు చేతులూ మెత్తగా చరిచే చప్పుడు. ఆ మూడూ వింటూ తింటుంటే చేప రుచి వేరుగా తెలుస్తుంది. పొగ వాసన గాలిలో ఉంటే తర్వాత వచ్చే తెల్ల చేప సువాసన ముక్కుకి ఎలా అందుతుంది? ఒమకాసే అంటే మీకే వదిలేస్తున్నాను అని అర్థం. వదిలేసినప్పుడు మనసు కూడా అక్కడే ఉండాలి కదా.

బియ్యపుగింజ:
నేను ఒక హోటల్ జపనీస్ కిచెన్‌లో పనిచేస్తాను. కౌంటర్ వెనక నిలబడే స్థాయి ఇంకా రాలేదు, అన్నం, చేప శుభ్రం చేయడం నా పని. అందుకే అన్నం గురించి పెద్దగా రాస్తున్నా, ఓపిక పట్టండి.

సుషీలో చేప కన్నా అన్నమే కష్టం. ఉడికిన అన్నాన్ని వెడల్పాటి చెక్క తొట్టిలోకి తిరగేసి, వెనిగర్, ఉప్పు, చాలాచోట్ల పంచదార కలిపిన ద్రవం పోసి, గరిటెతో కోసినట్టు కలుపుతాం. పిసికితే మొత్తం జిగురైపోతుంది. కొన్ని కౌంటర్లలో సాకే, అంటే జపనీస్ బియ్యపు మద్యం, తీశాక మిగిలే పిప్పి నుంచి చేసే ఎర్ర వెనిగర్ వాడతారు, అప్పుడు అన్నం లేత గోధుమ రంగులో ఉంటుంది, పంచదార లేకుండానే గాఢమైన రుచి వస్తుంది. తర్వాత దాన్ని దాదాపు ఒంటి వేడిలో ఉంచాలి. ఒకేసారి వండి పెట్టుకుంటే రెండో బ్యాచ్ అతిథులకి అది పనికిరాదు, అందుకే మేం ప్రతి సీటింగ్‌కీ విడిగా వండుతాం. అందరినీ ఒకే టైముకి రమ్మనేది ఎందుకో ఇప్పుడు అర్థమైందా? ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చేవాళ్ళ మీద చెఫ్‌కి కోపం కాదు, అన్నం ఆగదు.

అన్నట్టు ఈ అన్నాన్ని సుషీ వాళ్ళు షారి అంటారు. బౌద్ధంలో బుద్ధుడి ధాతువులకి జపనీస్‌లో వాడే మాట అది, సంస్కృతం శరీర నుంచి వచ్చింది. తెల్లటి గింజలు ఆ ధాతువుల్లా కనిపిస్తాయని ఆ పేరు పెట్టారంటారు. నాకు మొదటిసారి మా చెఫ్ చెప్పినప్పుడు గరిటె ఆపేసి నిలబడిపోయాను.

సోయా గిన్నె ఇవ్వకపోవడం మర్యాద లోపం కాదండీ. సోయాని మిరిన్ అనే తియ్యటి బియ్యపు మద్యంతోనో సాకేతోనో మరిగించి చేసే నికిరి అనే పూతని చెఫ్ బ్రష్‌తో తనే రాస్తాడు. ఏ ముక్కకి ఎంత ఉప్పు కావాలో ఆయనే చూసుకుంటాడు. ఉప్పు, నిమ్మజాతి పండు రసం మాత్రమే వేసి ఇచ్చినవి కూడా ఉండి ఉంటాయి, మీకు గుర్తుందా?

తీరందాటి:
ఉందండీ, స్క్విడ్ ముక్క మీద ఉప్పు, ఏదో పండు రసం పిండి ఇచ్చారు, సోయా లేదు. ఇంత వివరంగా రాసినందుకు చాలా థ్యాంక్స్. మా పక్కన కూర్చున్న ఆయన ప్రతి ముక్కనీ నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీశాడు. ఒకసారి చూస్తుండగానే ఆయన సుషీ కొద్దిగా కిందకి కూర్చుండిపోయింది, చేప అంచులు అన్నం మీద వాలిపోయాయి. చెఫ్ ఏమీ అనలేదు, కానీ ఆయనకి ఇవ్వాల్సిన తర్వాతి ముక్క చేయడం ఆపి, చేతులు తుడుచుకుంటూ వేచి ఉన్నాడు. అప్పుడు నాకే బాధేసింది.

బియ్యపుగింజ:
కూర్చుండిపోవడం అన్నది మంచి లక్షణమే. మంచి నిగిరిలో, అంటే చేత్తో నొక్కిన అన్నం ముద్ద మీద చేప పెట్టిన సుషీలో, గింజల మధ్య గాలి ఉంటుంది, పళ్ళెంలో పెట్టాక తన బరువుకే ఒక్క వెంట్రుకవాసి కిందకి దిగుతుంది. ఆ క్షణంలోనే నోట్లోకి వెళ్ళాలి. ఫొటో ఒకటి తీసుకోండి, ఎవరూ వద్దనరు, కానీ ఒక్కటే.

నదిఅంచున:
సందడి విషయంలో పాతగుమ్మం గారితో నేను ఏకీభవించను. చరిత్ర చూస్తే వ్యవహారం తలకిందులుగా ఉంటుంది.

ఈ చేత్తో నొక్కి చేసే నిగిరి సుషీ పుట్టింది ఎడో నగరంలో, అంటే ఇప్పటి టోక్యోలో, 19వ శతాబ్దం మొదట్లో. దాన్ని మొదలుపెట్టినవాడిగా 1820ల నాటి సుషీ వంటవాడు హనాయా యొహేయీ పేరు ఎక్కువగా చెబుతారు. అంతకు ముందు సుషీ అంటే చేపని అన్నంలో నెలల తరబడి పులియబెట్టేది, బివా సరస్సు దగ్గర ఫునాజుషీ పేరుతో ఇప్పటికీ అలాగే చేస్తారు. ఎడో జనానికి నెలలు ఆగే తీరిక లేదు. అందుకే అన్నంలో వెనిగర్ కలిపి, మీద చేప పెట్టి, అక్కడికక్కడే ఇచ్చేశారు. ఎక్కడనుకున్నారు? వీధి బండి మీద! పనివాళ్ళు నిలబడి, ఇప్పటి వాటికి రెండు మూడింతలు ఉండే ముద్దలు రెండో మూడో నోట్లో వేసుకుని, వేడి టీ తాగి, వేళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయేవారు. గుసగుసల్లేవు, మౌనవ్రతాల్లేవు. కేకలు, తోపులాట, వీధి దుమ్ము. ఎనిమిది సీట్ల నిశ్శబ్దం ఆ తర్వాత ఎప్పుడో వచ్చింది. 1923 భూకంపంలో టోక్యో ధ్వంసమైనప్పుడు చాలామంది సుషీ పనివాళ్ళు సొంత ఊళ్ళకి వెళ్ళిపోయారు, ఎడో పద్ధతి దేశమంతా పాకడానికి అదొక కారణం.

కాబట్టి తీరందాటి గారూ, మీరు చూసిన సందడి టూరిస్టుల కోసం పుట్టింది కాదు. సుషీ పుట్టిందే అందులో.

పాతగుమ్మం:
నదిఅంచున గారూ, బళ్ళ చరిత్ర నాకూ తెలుసు, మీరు చెప్పింది తప్పు కాదు. కానీ బండి దగ్గర ఒమకాసే లేదు కదా. అక్కడ మనమే వేలు పెట్టి చూపించి అది ఇవ్వు, ఇది ఇవ్వు అనేవాళ్ళం. దాన్ని ఇప్పటికీ ఒకోనొమీ అంటారు, మనకి నచ్చినవి మనమే అడగడం. ఒకిమారి అంటే ముందే నిర్ణయించిన సెట్. ఒమకాసే ఈ రెండూ కాదు, ఆ రోజు చేప చూసి, మన ముఖం చూసి చెఫ్ నిర్ణయించేది. ముఖం చూడాలంటే చెఫ్‌కి కూడా ఏకాగ్రత కావాలి. ఆయన జోకులేస్తూ పది మందిని నవ్విస్తూ ఉంటే మన ముఖం ఎప్పుడు చూస్తాడు?

తీరందాటి:
కానీ నా చెయ్యి చూశాడు కదండీ.

పాతగుమ్మం:
చూశాడు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.

కొత్తగావచ్చా:
మధ్యలో వస్తున్నందుకు సారీ. వచ్చే నెల మా ఆఫీసు టీమంతా ఇలాంటి హోటల్ కౌంటర్‌కి వెళ్తోంది. పచ్చి చేప అంటే నాకు భయం, పురుగులు ఉంటాయని విన్నాను. టీమ్‌లో ఒకావిడ గర్భిణి కూడా. వెళ్ళొచ్చా?

బియ్యపుగింజ:
భయపడటంలో తప్పేం లేదు, అడగడమే మంచిది. మీరు విన్నది అనిసాకిస్ గురించి అయి ఉంటుంది. 2, 3 సెంటీమీటర్ల పొడవుండే తెల్లటి దారంలాంటి పురుగు, మాకరెల్, స్క్విడ్, సముద్రంలో పట్టిన సాల్మన్ లాంటి వాటిలో ఉంటుంది. వెనిగర్, ఉప్పు, వసాబి దాన్ని చంపలేవు, చంపుతాయనే అపోహ చాలామందికి ఉంది. చంపేవి రెండే, వేడి, గడ్డకట్టే చలి. అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ లెక్క ప్రకారం మైనస్ 20 డిగ్రీల దగ్గర 7 రోజులు, లేదా మైనస్ 35 దగ్గర పూర్తిగా గడ్డకట్టాక అదే చలిలో 15 గంటలు. యూరప్‌లో, జపాన్‌లో మైనస్ 20 దగ్గర 24 గంటలు అంటారు. పెద్ద ట్యూనా జాతులకి ఎఫ్‌డీఏ ఈ నియమం నుంచి మినహాయింపు ఇచ్చింది. చెఫ్‌లు కళ్ళతో కూడా వెతుకుతారు, మా కిచెన్‌లో ప్రతి ముక్కనీ లైటు కింద పట్టుకుని చూస్తాం.

ఇంకో సంగతి. ఎడో పద్ధతి సుషీ అంటే అంతా పచ్చిది అనుకోవద్దు. అప్పట్లో ఫ్రిజ్‌లు లేవు, ఐసు లేదు, చేప పాడవకుండా ప్రతిదానికీ ఏదో ఒకటి చేసేవారు. కొహదా అనే చిన్న వెండి రంగు చేపని ఉప్పులో పెట్టి, వెనిగర్‌లో నానబెట్టేవారు. ట్యూనా ఎర్ర ముక్కని సోయాలో ఊరబెట్టేవారు. మలుగుపామును (పేరుకే పాము, నిజానికి పొడవాటి చేప) మెత్తగా ఉడికించి తియ్యటి చిక్కటి సాస్ పూసేవారు. ఈ పనిని చెఫ్‌లు షిగోతో అంటారు, అంటే పని అనే అర్థం. ఇప్పుడు అందరూ ఎగబడే కొవ్వు ట్యూనా తోరో అప్పట్లో తొందరగా పాడైపోతుందని పారేసేవారు! ఇక ఒమకాసేలో సాల్మన్ కనిపించకపోతే ఆశ్చర్యపోకండి, పచ్చి సాల్మన్ సుషీలోకి 1980లలో నార్వే వాళ్ళ ప్రయత్నంతో వచ్చింది.

గర్భిణి విషయంలో ముందు ఆవిడ డాక్టర్‌ని అడగమనండి. పచ్చి చేప వద్దంటే బుకింగ్ చేసేటప్పుడే చెప్పండి. ఉడికించిన రొయ్య, మలుగుపాము, గుడ్డుతో విడిగా వరుస తయారు చేస్తారు. పాదరసం వల్ల బిగ్ఐ ట్యూనా లాంటివి గర్భిణులు తినకూడదని ఎఫ్‌డీఏ జాబితాలోనే ఉంది.

వెన్నెలపడవ:
కొత్తగావచ్చా, బుకింగ్‌లో చెప్పడం ఒక్కటే చాలదమ్మా, కూర్చున్నాక చెఫ్‌కి మళ్ళీ చెప్పండి. నాకు రొయ్య పడదు. ఒక హోటల్ కౌంటర్‌లో బుకింగప్పుడు చెప్పాను, రిసెప్షన్‌లో రాసుకున్నారు కూడా. సాయంత్రమంతా రొయ్య రాలేదు, హాయిగా తిన్నాను. చివర్లో కేక్‌లా ఉండే గుడ్డు ముక్క, తమాగో ఇచ్చారు. సగం తిన్నాక పెదవులు దురద మొదలైంది. ఎడో పద్ధతి తమాగోలో రొయ్యనో తెల్ల చేపనో మెత్తగా నూరి గుడ్డులో కలుపుతారని అప్పుడు తెలిసింది. వాళ్ళ దృష్టిలో అది గుడ్డు, రొయ్య కాదు. నా మందు బ్యాగులోనే ఉంది కాబట్టి సరిపోయింది, కానీ ఆ పది నిమిషాలు నా భర్త ముఖం నేను మర్చిపోలేను. రొయ్య ముక్కే కాదు, రొయ్య కలిసినవి కూడా వద్దు అని విడమరిచి చెప్పండి.

బియ్యపుగింజ:
అక్కా, ఇది చదివి నాకు చెమటలు పట్టాయి. తమాగో మా కిచెన్‌లో నేనే చేస్తాను. రేపటి నుంచి సీటు పక్కన పెట్టే చీటీ మీద రొయ్య ఉన్న ప్రతిదీ నేనే రాస్తాను.

కొత్తగావచ్చా:
చాలా థ్యాంక్స్ అండీ. ఇంకో రెండు చిన్న ప్రశ్నలు: చేత్తో తినాలా, చాప్‌స్టిక్స్‌తోనా? వసాబి సోయాలో కలుపుకోవచ్చా?

వెన్నెలపడవ:
చేత్తో తినొచ్చు, చాప్‌స్టిక్స్‌తోనూ తినొచ్చు, రెండూ మర్యాదే. తడి గుడ్డ ఇచ్చేది వేళ్ళు తుడుచుకోవడానికే. ఒకే ముద్దలో నోట్లో పెట్టుకోండి. సోయా ఇచ్చిన చోట చేప వైపు అద్దండి, అన్నం వైపు అద్దితే విడిపోతుంది. వసాబి చెఫ్ ముందే లోపల పెడతాడు కాబట్టి కలుపుకునే అవసరం రాదు, ఇంకొంచెం కావాలంటే అడగండి, సంతోషంగా పెడతారు. అల్లం ముక్కలు ఒక చేపకీ ఇంకో చేపకీ మధ్య నోరు శుభ్రం చేసుకోవడానికి, సుషీ మీద వేసుకోవడానికి కాదు. గాఢమైన సెంటు మాత్రం పూసుకుని వెళ్ళకండి, పక్కవాళ్ళకి చేప వాసన తెలియదు.

పాతగుమ్మం:
వసాబి గురించి ఒక మాట. మంచి కౌంటర్‌లో ఆ దుంపని సొరచేప చర్మం అతికించిన చెక్క పలక మీద గుండ్రంగా, నెమ్మదిగా తురుముతారు. తురిమాక పావుగంటలోనే ఆ సువాసన తగ్గిపోవడం మొదలవుతుంది. ట్యూబులో వచ్చేది చాలావరకు హార్స్‌రాడిష్ అనే వేరే ఘాటైన వేరు, ఆవాలు, రంగు. అసలుది మొదట తియ్యగా ఉంటుంది, తర్వాత ముక్కు పైకి ఎక్కి, వెంటనే తగ్గిపోతుంది. మీ చెఫ్ తురిమాడా, గిన్నెలోంచి తీశాడా, తీరందాటి గారూ?

తీరందాటి:
తురిమాడండీ, మా ఎదురుగానే. మధ్యలో రెండోసారి కూడా తురిమాడు. మీరు చెప్పిన ఆ చప్పుడు నాకు ఇప్పుడు గుర్తొస్తోంది, పాటల మధ్యలో కూడా వినిపించింది.

నదిఅంచున:
సాకే తాగారా? మెనూలో పేర్లు చూసి చాలామంది తికమకపడతారు. జున్మాయ్ అంటే బియ్యం, నీళ్ళు, కోజి (పులియబెట్టడానికి వాడే బూజు పట్టించిన బియ్యం) మాత్రమే, విడిగా ఆల్కహాల్ కలపరు. గింజో అంటే బియ్యపు గింజని పాలిష్ చేశాక 60 శాతం లేదా అంతకంటే తక్కువ మిగిలినది, దాయ్‌గింజో అంటే 50 శాతం లేదా అంతకంటే తక్కువ. సువాసన ఎక్కువున్న దాయ్‌గింజో కన్నా మామూలు జున్మాయ్ సుషీతో బాగా కలుస్తుందని నా అనుభవం. తాగనివాళ్ళకి వేడి గ్రీన్ టీ ఉండనే ఉంది, కొవ్వు చేప తర్వాత దాన్ని మించింది లేదు.

బియ్యపుగింజ:
బుకింగ్ ఏ రోజు చేయాలని అడుగుతుంటారు కాబట్టి చెప్తున్నా. చేప టోక్యో నుంచి తెప్పించే చోట అక్కడి టొయోసు చేపల మార్కెట్ సెలవులు చూడండి. 1935లో మొదలైన త్సుకిజి మార్కెట్ 2018 అక్టోబర్‌లో అక్కడికి మారింది. ఆదివారాలూ చాలా బుధవారాలూ సెలవు. అలాగని ఆ తర్వాత రోజు చేప పాతది అనుకోవద్దు. ప్రతి చేపా తాజాగా తింటేనే రుచి అనేది నిజం కాదు. పట్టగానే మెదడులో పొడిచి, రక్తం తీసి, వెన్నులోని నాడిని తీగతో ధ్వంసం చేసే ఇకెజిమె పద్ధతిలో కండరంలోని శక్తి నిల్వ వెంటనే కరిగిపోదు. అది రోజుల మీద నెమ్మదిగా ఇనోసినిక్ ఆమ్లంగా మారుతుంది, మనం రుచి అనేదానిలో పెద్ద భాగం అదే. పెద్ద ట్యూనాని వారం, ఇంకా ఎక్కువ కూడా ఉంచుతారు. తెల్ల చేపల్ని కొన్ని రోజులు. కొహదాకి ఎంత ఉప్పు, ఎంతసేపు అనేది ఆ రోజు చేప సైజు, కొవ్వు చూసి మారుతుంది. మా చెఫ్ ఉప్పు పెట్టాక గడియారం చూడడు, వేలితో చేప వీపు నొక్కి చూస్తాడు. మీకు కొహదా ఇచ్చారా?

తీరందాటి:
ఇచ్చారు, నిజం చెప్తే నాకు అర్థం కాలేదు. పుల్లగా, ఉప్పగా ఉంది. తోరో అయితే వెన్నలా కరిగిపోయింది.

పాతగుమ్మం:
తోరో ఎవరికైనా నచ్చుతుంది. కొహదాలో చెఫ్ చెయ్యి కనిపిస్తుంది. మళ్ళీ వెళ్తే అది అడిగి తినండి, చివర్లో ఇంకో రెండు ముక్కలు కావాలా అని అడుగుతారు కదా, అప్పుడు.

తీరందాటి:
మూడు వారాల తర్వాత రాస్తున్నా. నిన్న మళ్ళీ వెళ్ళాం. ఈసారి మా అమ్మానాన్నల్ని కూడా తీసుకెళ్ళాను. అదే చెఫ్, అదే సందడి. నాన్నకి పక్కవాళ్ళతో దోస్తీ కుదిరింది. అమ్మకి పచ్చి చేప ఇష్టం లేదని బుకింగ్‌లోనూ, కూర్చున్నాక చెఫ్‌కీ చెప్పాను, ఉడికించిన మలుగుపాము రెండుసార్లు అడిగి తింది.

చివర్లో ఇంకేమైనా కావాలా అని అడిగితే కొహదా అన్నాను. ఆయన కత్తి పక్కన పెట్టి ఒకసారి నా వైపు చూశాడు. ఆ సాయంత్రం మొత్తం మీద ఆయన మాట్లాడకుండా ఉన్న అర నిమిషం అదే అనుకుంటా. వీపు మీద చిన్న గాట్లు పెట్టి, వెండి చర్మం కొద్దిగా మెలితిరిగేలా నొక్కి, రెండు ముక్కలు పెట్టాడు. పాతగుమ్మం గారూ, మొదట ఉప్పు, తర్వాత పులుపు, ఆ వెనకాల ఎక్కడి నుంచో తియ్యదనం వచ్చింది, అన్నంలోదో చేపలోదో చెప్పలేను. పోయినసారి అది నాకు తెలియలేదు.

రెండు ముక్కలూ ఎడమ వైపుకే వాలి ఉన్నాయి. ఈసారి మొదటి ముక్క నుంచే.